స్పైరలా, రగ్బీ తన్నా, డ్రాప్ పంటా: కాలేజీ పంటర్‌కి ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మూడు ప్రయత్నాల్లో 10 యార్డులు రాకపోతే, నాలుగోదాంట్లో చాలా జట్లు సాహసం చేయవు. బంతిని చేతిలోంచి వదిలి, నేలని తాకేలోపే తన్నే పంటర్‌ని పిలుస్తాయి. బంతిని ఎలాగూ అవతలివాళ్ళకి ఇవ్వాల్సిందే కాబట్టి, వాళ్ళ గుమ్మం ముందు దాకా తన్ని ఇవ్వడం అతని పని. యార్డంటే గజమే, మూడడుగులు; మనం ప్లాట్లు కొనేటప్పుడు లెక్కపెట్టేది చదరపు గజం, ఇది పొడవు గజం.

2018లో టెక్సస్ ఏ అండ్ ఎం పంటర్ బ్రేడెన్ మ్యాన్ సగటు 50.98 యార్డులు. అప్పటికి అది కాలేజీ సీజన్ రికార్డు. ఆ ఏడు అలబామా మీద ఒక్క మ్యాచ్‌లోనే అతని సగటు 60.8. 2023లో అయోవా పంటర్ టోరీ టేలర్ సగటు 48.2. ఇద్దరికీ కాలేజీలో ఉత్తమ పంటర్‌కిచ్చే రే గై అవార్డు వచ్చింది. కానీ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 2020లో మ్యాన్‌ని జెట్స్ ఆరో రౌండులో, 191వ పేరుగా తీసుకుంటే, 2024లో టేలర్‌ని బేర్స్ నాలుగో రౌండులోనే, 122వ పేరుగా ఎగరేసుకుపోయారు. దూరమొక్కటే కొలమానమైతే ఈ వరస తిరగబడాలి. ఎందుకు తిరగబడలేదో తెలియాలంటే మూడు రకాల తన్నులనీ విడివిడిగా చూడాలి.

స్పైరల్

బంతి తన పొడవు చుట్టూ గిరగిరా తిరుగుతూ వెళ్ళే తన్ను ఇది. కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి విసిరే (దీన్నే స్నాప్ అంటారు) స్నాపర్‌కి 14, 15 యార్డుల వెనక పంటర్ నిలబడతాడు. స్నాప్ చేతికి రావడానికి 0.75 నుంచి 0.8 సెకను. అక్కణ్నుంచి పాదం తగిలేదాకా 1.3 సెకన్లు దాటకూడదు. మొత్తం 2.1 దాటిందా, అవతలివాళ్ళ చెయ్యి అడ్డం పడుతుంది. ఈ కాస్త సమయంలోనే బంతిని చేతుల్లో తిప్పి కుట్లు పైకి తెచ్చుకోవాలి, కుడికాలివాడైతే కుడి తుంటికి ఎదురుగా చెయ్యి చాచాలి, రెండడుగులు వేసి తన్నాలి.

అసలు విద్యంతా బంతిని వదలడంలోనే ఉంది. బంతి మూతి కొద్దిగా లోపలికీ, కొద్దిగా కిందికీ వంగి ఉండాలి. దాన్ని ఎగరెయ్యకూడదు, చేతి కింద నుంచి బల్ల లాగేసినట్టు వదలాలి. తగలాల్సింది కాలివేళ్ళకి కాదు, పాదం పైనున్న గట్టి ఎముకకి. మూతి పైకి లేస్తే వేళ్ళకి తగిలి, బంతి తిరగకుండా గాల్లో పొర్లుతూ 30 యార్డుల్లో చచ్చిపడుతుంది. మూతి మరీ లోపలికి తిరిగితే పాదం అంచుకి తగిలి పక్క గీత దాటి పోతుంది. సరిగ్గా తగిలిన స్పైరల్ చివర్లో మూతి కిందికి తిప్పుకుని వేగంగా దిగుతుంది. పట్టేవాడికి నరకం.

దీని లోపం బలం ఎక్కువైనప్పుడు బయటపడుతుంది. సొంత 25 (తమ గోల్ గీతకి 25 యార్డుల దూరం) నుంచి 52 యార్డులు తన్ని, బంతి గాల్లో 4.0 సెకన్లే ఉంటే, దాన్ని పట్టుకుని వెనక్కి పరుగెత్తే రిటర్నర్‌కి చుట్టూ చోటు దొరుకుతుంది. అతను 12 యార్డులు వెనక్కి తెస్తే మిగిలేది 40. అదే 44 యార్డులే తన్ని 4.6 సెకన్లు నిలబెడితే, స్నాప్‌తోనే రిటర్నర్ మీదికి పరుగందుకున్న గన్నర్లకి (వరసలో చెరో చివరనుండేవాళ్ళు) మొత్తం ఆరున్నర సెకన్లకి పైనే దొరుకుతుంది. రిటర్నర్ చెయ్యెత్తి ఫెయిర్ క్యాచ్ (నన్ను ముట్టుకోవద్దు, నేనూ పరుగెత్తను అని) అడగడం తప్ప చేసేదేం లేదు. మిగిలేది 44. మన ప్లాట్లలో గజం ఎక్కడైనా గజమే, ఇక్కడ అలా కాదు.

డ్రాప్ పంట్

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ నుంచి వచ్చిన తన్ను ఇది. బంతిని నిలువుగా పట్టుకుని, కింది మూతి మీద తంతారు. అది వెనక్కి పల్టీలు కొడుతూ వెళ్తుంది, నేలని తాకాక ముందుకి పారిపోకుండా ఆగుతుంది లేదా వెనక్కి దూకుతుంది. దూరం తక్కువ, గురి ఎక్కువ.

దీని విలువ మైదానం మధ్యలో తెలుస్తుంది. సొంత 45 మీద ఉన్నారనుకోండి. గోల్ గీతకి 55 యార్డులు. స్పైరల్ ఆ గీత వెనకున్న ఎండ్ జోన్‌లో పడితే టచ్‌బ్యాక్, అంటే బంతి గీతకి 20 యార్డుల దగ్గరికి తిరిగొస్తుంది. పంటర్ ఖాతాలో 55 పడుతుంది, జట్టుకి దక్కేది 35. డ్రాప్ పంట్‌తో 47 యార్డులు తన్ని 8 దగ్గర ఆపితే, దక్కేది పూర్తి 47. కాగితం మీద 8 తక్కువ, మైదానంలో 12 ఎక్కువ. క్రికెట్‌లో గీత దాటితే పండగ, ఇక్కడ గీత దాటితే జరిమానా! సగటు చూసి పంటర్లకి వరసలు కట్టేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు.

టేలర్ చేతిలో ఈ రెండు తన్నులూ ఉన్నాయి. మెల్‌బోర్న్‌వాడు. అక్కడ నేథన్ చాప్‌మన్ 2007లో మొదలుపెట్టిన ప్రోకిక్ ఆస్ట్రేలియా శిక్షణలో తయారయ్యాడు. 2013 నుంచి 2017 దాకా రే గై అవార్డు వరసగా ఐదేళ్ళూ ఆస్ట్రేలియన్లకే పోయిందంటే, చిన్నప్పటి నుంచీ పరుగెత్తుతూ తన్నిన కాళ్ళ మహిమ ఎంతో చూడండి. 2023లో టేలర్ 93 పంట్లతో 4,479 యార్డులు తన్ని, మిషిగన్ స్టేట్ ఆటగాడు జానీ పింగెల్ 1938లో పెట్టిన 4,138 యార్డుల రికార్డుని 85 ఏళ్ళ తర్వాత చెరిపేశాడు. అయితే ఈ అంకెని జాగ్రత్తగా చదవాలి. ఆ ఏడు అయోవా అటాక్ దేశంలోకెల్లా నీరసమైనది, అందుకే అన్నిసార్లు తన్నాల్సొచ్చింది. జట్టు దరిద్రం అతనికి రికార్డు తెచ్చిపెట్టింది. 93సార్లు తన్నినా సగటు 48 దాటి నిలవడం మాత్రం అతని సొంతం.

అమెరికాలో చదివే మన పిల్లలకి ఎఫ్-1 వీసా కష్టాలు కొత్త కాదు, అప్పుడు టేలర్‌కీ అదే వీసా. తోటి ఆటగాళ్ళు పేరు అమ్ముకుని సంపాదిస్తుంటే అతనికి ఆ వీలు లేకపోయింది. ‘పంటింగ్ ఈజ్ విన్నింగ్’ అని అచ్చేసిన టీషర్టుల లాభం అందుకే ‘కౌంట్ ద కిక్స్’ అనే సేవాసంస్థకి వెళ్ళింది.

రగ్బీ తన్ను

స్నాప్ అందుకోగానే పంటర్ ఒక పక్కకి ఐదారు యార్డులు పరుగెత్తి, పరుగులోనే కిందగా తంతాడు. బంతి నేల మీద పొర్లుకుంటూ పోతుంది, పట్టుకోవడానికి ఎవరూ సాహసించరు. ఎదుటివాళ్ళు వెనక్కి తగ్గితే తన్నకుండా బంతితోనే పరుగెత్తొచ్చు. కాపలా బలహీనంగా ఉన్న జట్టుకీ, ఎదురుగా ప్రమాదకరమైన రిటర్నర్ ఉన్నప్పుడూ ఇదే మేలు.

తిప్పలూ ఉన్నాయి. బంతి ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. స్నాప్ కాస్త కిందకి వస్తే పరుగు లయ పోతుంది. ట్యాకిల్ బాక్స్ (స్నాపర్‌కి రెండు పక్కలా ముందు వరస కాపలా ఉండే మధ్య భాగం) దాటి పరుగెత్తిన పంటర్‌కి, తన్నేవాడికి మామూలుగా ఉండే రక్షణ నియమం పోతుంది. గుద్దినా 15 యార్డుల జరిమానా పడకపోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు రూల్ పుస్తకంలో ఉంది. కాలేజీలో స్నాప్ కాగానే ముందు వరసలోని లైన్‌మెన్ అందరూ ముందుకి పరుగెత్తొచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి తన్నేదాకా చెరో చివరనున్న ఇద్దరే కదలాలి. పంటర్ పక్కకి పరుగెత్తి ఆలస్యం చేసేకొద్దీ కాలేజీలో మనవాళ్ళు ముందుకెళ్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎనిమిది మంది అక్కడే కాళ్ళు కట్టేసుకుని నిలబడతారు. రగ్బీ తన్నుకి పేరుపడ్డ యూటా పంటర్, ఆస్ట్రేలియన్ టామ్ హ్యాకెట్ 2014, 2015లో రెండుసార్లు రే గై గెలిచినా డ్రాఫ్టులో ఎవరూ ముట్టుకోలేదు. అదే యూటా నుంచి స్పైరల్ కూడా గట్టిగా తన్నే మరో ఆస్ట్రేలియన్ మిచ్ విష్నౌస్కీని 2019లో ఫోర్టీనైనర్స్ నాలుగో రౌండులో 110వ పేరుగా తీసుకున్నారు. కాలేజీ ఒకటే, దేశం ఒకటే, తన్ను వేరు.

మరి ఏది?

సొంత 30 లోపల ఉంటే స్పైరలే, అదీ దూరం కన్నా ఎత్తు చూసుకుని. సొంత 40 దాటాక డ్రాప్ పంట్‌కి సాటి లేదు. రగ్బీ తన్ను కాలేజీ నాలుగేళ్ళకి మంచి ఆయుధమే, ఉద్యోగం కావాలంటే మాత్రం అదొక్కటీ చాలదు. ఎన్‌ఎఫ్‌ఎల్ పంటరే దాదాపు ఎప్పుడూ ఫీల్డ్ గోల్ తన్నేవాడి కోసం బంతిని నేల మీద నిలబెట్టి పట్టాలి కాబట్టి ఆ పనీ నేర్చుకుని ఉండాలి. మ్యాన్ లాంటి బలమైన కాలు ఉన్నవాడికి కూడా దారి మూసుకుపోదు: జట్లు మారుతూ వచ్చి, ఈగల్స్ తరఫున 2025 ఫిబ్రవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు.

శనివారం కాలేజీ మ్యాచ్ చూసేటప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి పెట్టుకోండి. బంతి పాదానికి తగలగానే మొదలుపెట్టి, చేతికో నేలకో తగలగానే ఆపండి. 4.5 దాటిందంటే, కామెంటేటర్ దూరం చదివేలోపే రిటర్నర్ చెయ్యి పైకి లేచి ఉంటుంది.