కారవాన్ ట్యాంక్ ఫ్లష్ జామైతే: విప్పాలా, బకెట్‌తో కానివ్వాలా?

తిరుపతిలో బోరు నీళ్లు పట్టుకునే కారవాన్‌వాళ్లకు ఈ టెన్షన్ ఉండేదే. ట్యాంక్ ఫ్లష్ అంటే టాయిలెట్ మురుగు ట్యాంక్‌ను లోపల నీళ్లు చిమ్మి కడిగే నాజిల్. దాని రంధ్రాల్లో తెల్లటి ఉప్పు పేరుకుని, ధార కాస్తా చుక్కలైపోతుంది. అప్పుడు నాజిల్ విప్పి శుభ్రం చేయాలా, లేక బకెట్‌తో నీళ్లు పోసి ట్యాంక్ కడగాలా?

ఖర్చు: విప్పితే వెనిగర్, వాషర్, మెకానిక్ కూలి. బకెట్‌కు నీళ్లే.

శ్రమ: విప్పాలంటే ముందు ట్యాంక్ ఖాళీ చేయాలి, గ్లౌజులు తప్పనిసరి. నాజిల్‌ను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, రంధ్రాలను సూదితో పొడవాలి. బకెట్ అయితే టాయిలెట్‌లోంచి నీళ్లు పోసి, బండిని కాస్త నడిపి, ఆ మురుగునీళ్లు వదలాలి. తేటనీళ్లు వచ్చేదాకా ఇదే పని, ప్రతిసారీ.

రిస్క్: ప్రెషర్ పెంచి అడ్డు తోసేద్దామని మాత్రం చూడకండి. జాయింట్ ఊడితే నీళ్లు గోడ లోపల కారతాయి, బయటికి తెలియదు. బకెట్‌తో మూలల్లో మడ్డి మిగిలిపోతుంది.

దర్శనం చేసుకుని మర్నాడే కాణిపాకం వెళ్లిపోయేవాళ్లకు బకెట్ చాలు. సొంత బండిలో తరచూ తిరిగేవాళ్లు విప్పించుకోవడమే మేలు. అద్దె బండైతే ముట్టుకోకుండా ఓనరుకు చెప్పండి. ఎలా కడిగినా ఆ మురుగును స్వర్ణముఖి వైపు పారే కాలువల్లోకి వదలకండి.