సీల్ ఉన్న డబ్బాలోనే డూప్లికేట్ ఆయిల్: పాత జిప్సీ, జీపు ఉన్నవాళ్లు జాగ్రత్త

ఇంట్లోనే ఆయిల్ మార్చుకునేవాళ్లు, ముఖ్యంగా మారుతి జిప్సీలు, పాత మహీంద్రా జీపులు ఉన్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. పోయిన నెల నాకు జరిగింది. ఇంకొకరి ఇంజన్‌కి జరగకూడదని రాస్తున్నాను.

నాది 2004 మోడల్ జిప్సీ, నాన్నగారి బండి. అల్వాల్‌లో మా ఇంటి ముందే ప్రతి 5,000 కిలోమీటర్లకు నేనే ఆయిల్ దించి కొత్తది పోస్తాను, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇబ్బంది రాలేదు. ఈసారి ఎప్పుడూ కొనే షాపు మూసి ఉంటే, సికింద్రాబాద్‌లో బండ్ల సామాన్లు దొరికే రాణిగంజ్‌లోనే వేరే షాపుకి వెళ్లాను. నాలుగు లీటర్ల ఇంజన్ ఆయిల్ డబ్బా, ఫిల్టరు, గేర్‌బాక్స్ ఆయిలు తీసుకున్నాను. ఎమ్మార్పీ మీద 500 రూపాయలు తగ్గించాడు. బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్టీ పడుతది సార్, మనది కంపెనీ మాలే" అన్నాడు. అక్కడే వెనక్కి వచ్చేయాల్సింది. ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది, దాన్ని విడిగా అడిగాడంటేనే తేడా ఉందని అర్థం.

ఆదివారం ఆయిల్ మార్చాను. సోమవారం పొద్దున స్టార్ట్ చేస్తే, ఎప్పుడూ సెకనులో ఆరిపోయే ఆయిల్ లైటు నాలుగైదు సెకన్లు వెలిగే ఉంది, ఆ కాసేపూ ఇంజన్ పైన వాల్వుల దగ్గరుండే టప్పెట్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. మొదటిరోజు కదా, ఫిల్టరు నిండాలి అనుకున్నాను. మంగళవారం కూడా అంతే, బుధవారం కూడా అంతే. 300 కిలోమీటర్లకు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగా ఉంది, మాడిన వాసన, వేలికి అంటుకోకుండా నీళ్లలా కారిపోతోంది. నా దగ్గర పోయినసారి మిగిలిన మంచి ఆయిల్ అర లీటరు ఉంది, అదే గ్రేడు. డూప్లికేట్ డబ్బా అడుగున మిగిలినది ఒక చెంచా, మంచిది ఒక చెంచా స్టీలు పళ్లెం మీద పక్కపక్కన పోసి పళ్లెం వంచాను. మంచిది మెల్లగా తేనెలా కదిలింది, అది సగం దూరం వెళ్లేలోపే డూప్లికేట్‌ది చివరిదాకా జారిపోయింది.

వెంటనే మొత్తం దించేశాను. ఫిల్టరు కూడా తీసి హ్యాక్సా బ్లేడుతో కోశాను, పక్కన పాత అసలు ఫిల్టరునీ కోసి పెట్టాను. పాతదాంట్లో కాగితం మడతలు దగ్గర దగ్గరగా, సమానంగా ఉన్నాయి, కన్నాల దగ్గర మెత్తటి రబ్బరు వాల్వు ఉంది. ఇంజన్ ఆపాక ఫిల్టర్లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచేది ఆ రబ్బరే. కొత్తదాంట్లో మడతలు సగమే ఉన్నాయి, ఒక చోట జిగురు ఊడి కాగితం పక్కకి జరిగింది, రబ్బరు ఉండాల్సిన చోట గట్టి ప్లాస్టిక్ ముక్క, వేలితో నొక్కితే వంగడం లేదు. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి, పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ పైభాగం ఆయిల్ లేకుండా తిరిగేది అందుకే.

ఇక డబ్బా. అదే కంపెనీ పాత డబ్బా పక్కన పెట్టి చూస్తే తేడాలు తెలిశాయి. బ్యాచ్ నంబరు కిరోసిన్ గుడ్డతో తుడిస్తే చెరిగిపోయింది. మూత కింద రింగు ఒక చోట జిగురుతో అతికించి ఉంది. డబ్బా మాత్రం అచ్చం అసలుదే, ఎందుకంటే అది నిజంగానే ఆ కంపెనీ ఖాళీ డబ్బా, వాడేసిన ఆయిల్‌ని వడకట్టి అందులో నింపి ఉంటారు. అందుకే చెప్తున్నాను, మీ ఖాళీ డబ్బాలని పాత సామాన్లవాళ్లకి అలాగే ఇవ్వకండి, కత్తితో అడ్డంగా కోసి ఇవ్వండి.

గేర్ ఆయిల్ విషయంలో పోయకముందే చూసుకున్నాను. నేను జీఎల్-4 రకం అడిగితే జీఎల్-5 రకం ఇచ్చి "అంతా ఒకటే సార్" అన్నాడు. ఒకటి కాదు. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం మందులు గేర్‌బాక్స్‌లో గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులని తినేసే ప్రమాదం ఉంది. అది ఇరుసు మీద చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్‌కి పనికొస్తుంది, గేర్‌బాక్స్‌కి మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే పోయండి. ఇంకోటి, గేర్‌బాక్స్, ముందు వెనక ఇరుసులకి శక్తిని పంపే ట్రాన్స్‌ఫర్ కేస్, దేని ఆయిల్ దానిదే. దించే బోల్టు ఊడదీసేముందు పోసే బోల్టు వస్తుందో లేదో చూసుకోండి. పాత బండ్లలో అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే, ఉన్న ఆయిల్ దించేశాక కొత్తది పోసే దారి ఉండదు.

షాపుకి వెళ్లి అడిగితే "మా దగ్గర తీసుకున్నదని ఏంటి గ్యారంటీ, మీరే మార్చి తెచ్చారేమో" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది కానీ, చేతిలో బిల్లు లేకుండా ఏం చూపించను? రాణిగంజ్‌లో నిజాయితీగా అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల దగ్గర కొనండి. జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు ఇస్తేనే డబ్బులివ్వండి, డబ్బా మీది బ్యాచ్ నంబరు అక్కడే ఫోటో తీసుకోండి.

దించిన ఆయిల్ అంతా మా మెకానిక్ షెడ్డు డ్రమ్ములో పోసి వచ్చాను, దయచేసి ఎవరూ మోరీలో పోయకండి. ఇప్పుడు మంచి ఆయిల్, అసలు ఫిల్టరు వేశాక లైటు సెకనులో ఆరిపోతోంది, కానీ చల్లటి ఇంజన్ మీద టప్పెట్ సౌండు ఇంకా కొంచెం ఉంది. అది వింటే టెన్షన్‌గానే ఉంది. ఈ ఆదివారం ఆయిల్ ప్రెషర్ చెక్ చేయిస్తున్నాను. కోసిన రెండు ఫిల్టర్లూ పారేయలేదు, మీరు కొన్నది పోల్చి చూసుకోవాలనుకుంటే అల్వాల్ వచ్చి చూడొచ్చు.