పాత పోస్టర్ల కోసం వార్సా, క్రాకోవ్

పోలండ్ వెళ్లింది కోటల కోసం కాదు, కమ్యూనిస్టు కాలపు సినిమా పోస్టర్ల కోసం. అప్పట్లో సినిమాల పంపిణీ అంతా ప్రభుత్వం చేతిలోనే ఉండేది. టికెట్లు అమ్మిపెట్టే బాధ్యత పోస్టరుకు లేదు, తారల ముఖం పెద్దగా వేయమనే నిర్మాతా లేడు. సెన్సారు కన్ను ఉన్నా, చిత్రకారులు సినిమా చూసి తమకు తోచిన బొమ్మ వేశారు.

వార్సా దక్షిణ కొసన విలానోవ్ రాజభవనం ఆవరణలో పోస్టర్ మ్యూజియం ఉంది. 1968లో తెరిచారు. పోస్టర్ల కోసమే వెలసిన మ్యూజియాల్లో ప్రపంచంలో ఇదే మొదటిది. పాతబస్తీ దగ్గర 116 నంబరు బస్సెక్కితే మారకుండా చేరవచ్చు. అయితే ఇక్కడ భద్రపరిచినవి వేలల్లో ఉన్నా, గోడల మీద కనిపించేవి ఆ సమయంలో నడుస్తున్న ప్రదర్శనలోవే. నేను వెళ్లిన రోజు పాత సినిమా పోస్టర్లు చాలా తక్కువ. ఏ ప్రదర్శన నడుస్తోందో ముందే చూసుకుని బయలుదేరండి.

వార్సాలో స్టేషను పక్కన హోటలు శుభ్రంగానే ఉంది కానీ, తెల్లవారుజాము నుంచి ట్రాముల మోత. భోజనానికి మాత్రం పాత కాలపు 'మిల్క్ బార్' క్యాంటీన్లు చాలు. బంగాళాదుంప, జున్ను కూరి కజ్జికాయల్లా మడిచి ఉడికించిన పియెరోగీ, మాంసం తినని నాకు రెండు పూటలా సరిపోయింది.

నా మనసు నిండింది క్రాకోవ్‌లో. వార్సా నుంచి ఎక్స్‌ప్రెస్ రైలులో సుమారు రెండున్నర గంటలు. ప్రధాన కూడలికి దగ్గర్లోనే, స్తోలార్‌స్కా వీధిలో పోస్టర్ గ్యాలరీ ఉంది. చిన్న దుకాణమే. కానీ ఇక్కడ పోస్టర్లను ఒక్కొక్కటిగా తిరగేసి చూడవచ్చు. ఎంతసేపు చూసినా ఎవరూ తొందరపెట్టలేదు.

నాజీలు బలపడుతున్న కాలపు బెర్లిన్ నైట్‌క్లబ్ కథ 'కాబరే'. ఆ సినిమాకు విక్టర్ గూర్కా 1973లో వేసిన పోస్టరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మధ్యలో క్లబ్బు వ్యాఖ్యాత ముఖం, చుట్టూ నల్ల మేజోళ్లు తొడిగిన కాళ్లు. అడుగు వెనక్కి వేసి చూస్తే ఆ కాళ్లే నాజీల స్వస్తిక. వినోదం వెనుక పొంచి ఉన్న భయం ఒక్క బొమ్మలో తెలిసిపోతుంది. ఫ్రాన్సిషెక్ స్తారోవియెస్కీ పోస్టర్లయితే సంతకం దాకా చూడాలి. తేదీని 300 ఏళ్లు వెనక్కి జరిపి వేసేవాడాయన. 1970ల నాటి కాగితం మీద పదిహేడో శతాబ్దం కనిపిస్తుంది!

కొనేటప్పుడు అసలుదా, పునర్ముద్రణా అని తప్పక అడగండి. ధరలో చాలా తేడా ఉంటుంది. నేను ఒక అసలు ప్రతి తీసుకున్నాను, అంచులు కాస్త పసుపెక్కాయి. దాన్ని గట్టి అట్టగొట్టంలో చుట్టించుకున్నాను. లిఫ్టు లేని నాలుగో అంతస్తు గదికి ఆ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని ఎక్కాను.