థింగ్స్ ఫాల్ అపార్ట్: పదమూడో అధ్యాయం కోసమైనా కొనండి

నాలుగు స్టార్లే ఇస్తున్నా. ఒకటి కోసింది కథకి కాదు, నాకొచ్చిన కాపీకి. అక్షరాలు మరీ చిన్నవి, అట్ట మూల నలిగే వచ్చింది, ఇబో (నైజీరియాలో ఒక భాష) మాటల అర్థాలేమో చివర్లో ఇచ్చారు, మాటిమాటికీ వెనక్కి తిప్పుకోవాల్సిందే.

చినువా అచెబె నవల, 1958లో వచ్చింది. నైజీరియాలోకి తెల్లదొరలు వచ్చిన కథ అనే అందరూ చెప్తారు గానీ నాకు నిద్ర పట్టనివ్వనిది అంతకుముందొచ్చే పదమూడో అధ్యాయం. (కథ తెలియకూడదనుకునే వాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

కథానాయకుడు ఒకోంక్వో తనని నాన్నా అని పిలిచే పిల్లాణ్ని తన చేత్తోనే నరికాడు. దేవుడి వాక్కు కదా అని ఊరు ఏమీ అనలేదు. తర్వాత ఎజెఉదు అనే పెద్దాయన అంత్యక్రియల్లో ఒకోంక్వో తుపాకీ పేలి ఆయన పదహారేళ్ల కొడుకు చచ్చిపోతే, కావాలని చేసింది కాకపోయినా, ఏడేళ్లు ఊరు వదిలిపోవాలి, అదీ కోడి కూసేలోపు. ఆ పిల్లాడి చావులో నువ్వు చెయ్యి పెట్టకు అని అప్పట్లో హెచ్చరించింది ఈ ఎజెఉదే! అది గుర్తొచ్చి వెనక్కెళ్లి ఆ పేజీ మళ్లీ చదివా.

ఆ రాత్రి స్నేహితులొచ్చి తలా తొమ్మిది పది సార్లు తిరిగి అతని యామ్ దుంపలు మోసి ప్రాణస్నేహితుడు ఒబియెరికా గాదెలో దాస్తారు. (నేను సగం పుస్తకం దాకా కంద అనుకున్నా, మన పెండలం జాతి అట.) తెల్లారాక జనం యుద్ధవేషాల్లో వచ్చి ఇళ్లు తగలబెట్టి, ఎర్రమట్టి గోడలు కూల్చి, గొడ్లని చంపుతారు. వాళ్లలో ఆ ఒబియెరికా కూడా ఉంటాడు. పగేం లేదు, నేలకంటిన మైల కడుగుతున్నారంతే.

అక్కణ్నుంచి తల్లి పుట్టిన ఊరు. ఇంగ్లీషులో అంకుల్ అని ఉంటుంది గానీ మేనమామ అనుకుని చదవండి, సీన్ మొత్తం మారిపోతుంది. మామ కొడుకులు ఐదుగురూ తలా 300 విత్తనపు దుంపలిస్తారు. కానీ అక్కడి ఏడేళ్లని అచెబె గబగబా దాటించేశాడు, రాత్రికి రాత్రే బయల్దేరిన భార్యల గురించైతే ఏడ్చారు అన్నంతే.

రెండో ఏడు ఒబియెరికా తన గాదెలో దాచిన దుంపలు అమ్మగా వచ్చిన గవ్వల (అక్కడ అప్పట్లో అవే డబ్బు) సంచులు మోయించుకుని వస్తాడు. నీ రుణం ఎలా తీర్చుకోను అని ఒకోంక్వో అంటే, నా కోసం నీ కొడుకుల్లో ఒకణ్ని చంపు అని జోక్ వేస్తాడు. నవ్వబోయి ఆగిపోయా.