నాయకుడి పాత ఇటుక ఇల్లు: సిమెంటా, సున్నమా?

పర్లాకిమిడి అనగానే అందరి చూపూ ప్యాలెస్ మీదకే పోతుంది. 1937లో ఒరిస్సా మొదటి ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయిన కృష్ణచంద్ర గజపతి ఊరు కదా! ఆ కాలపు నాయకులకు కట్టిన మామూలు ఇటుక ఇళ్లనూ కాపాడుకోవాలి. మరి రిపేరు దేంతో?

సిమెంటు పూత చవక, మేస్త్రీ రేపే దొరుకుతాడు. కానీ పాత ఇటుక నేలలోని తేమను పీలుస్తుంది, సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. ఉప్పు పొంగి, ఇటుకే పెచ్చులుగా రాలుతుంది. కమానుల అంచులూ, ఇటుక పేర్పూ పూత కింద మాయం. నన్నడిగితే ఇంటి విలువ సగం ఆ కమానుల్లో, ఆ పేర్పులోనే ఉంది. నాయకుడి పేరంటారా, అది శిలాఫలకం మీదైనా ఉంటుంది.

సున్నానికి ఖర్చెక్కువ, పని తెలిసినవాళ్లు తక్కువ. అయినా గోడలో తేమ నిలవదు. పగిలినచోట మళ్లీ పూసుకోవచ్చు. నా ఓటు సున్నానికే. వానాకాలంలో మాత్రం పని మొదలుపెట్టకండి, పూత త్వరగా గట్టిపడదు.