మోకాలు మార్చలేదు, కాలు సరిచేశారు: 14 నెలల తర్వాత నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఆసుపత్రి పేరు రాయను. డాక్టరు మంచివాడు, ఆసుపత్రి మాత్రం కాదు.

మాది విజయవాడ వన్‌టౌన్‌లో చీరల కొట్టు. పొద్దుట్నుంచి రాత్రి దాకా పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, బేరం వచ్చినప్పుడల్లా లేవాలి. నాకు 48. మా ఇంట్లో మగాళ్లందరికీ దొడ్డికాళ్లే, దాన్నెవరూ జబ్బు అనుకోలేదు. నాలుగేళ్లుగా కుడి మోకాలు లోపలి పక్క ఒకటే నొప్పి. మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే ఇలా పైకెత్తి చూసి, గుజ్జు అరిగింది, మోకాలు మార్చేద్దాం, తర్వాత కింద మాత్రం కూర్చోకూడదు అన్నారు. కింద కూర్చోకపోతే నా కొట్టు సంగతేంటి?

రెండో డాక్టరు ముందు నా చెప్పులు తెప్పించుకుని తిరగేసి చూశాడు. రెండిటికీ మడమ దగ్గర బయటి అంచే అరిగిపోయి ఉంది. తర్వాత నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా ఒకటే పొడుగు ఎక్స్‌రే తీయించి, దాని మీద పెన్సిల్‌తో గీత గీశాడు. తుంటి మధ్య నుంచి చీలమండ మధ్యకు గీసిన ఆ గీత మోకాలి మధ్యలోంచి పోవాలి, నాది బాగా లోపలి పక్కకు జరిగి పోయింది. అంటే బరువంతా లోపలి పక్క మీదే పడుతోంది, బయటి పక్క గుజ్జు ఇంకా బాగానే ఉంది. మోకాలి కింద పెద్ద ఎముకను లోపలి వైపు నుంచి కోసి, కొద్దిగా తెరిచి, ప్లేటు బిగిస్తే బరువు బాగున్న పక్కకు జరుగుతుందట. పేరు హై టిబియల్ ఆస్టియోటమీ. ఆ గీతను మోకాలి వెడల్పులో లోపలి అంచు నుంచి లెక్కపెడితే 62 శాతం దగ్గరికి, అంటే మధ్య దాటి కొంచెం బయటి పక్కకు, తెస్తానన్నాడు. సిగరెట్ మానేస్తేనే డేట్ ఇస్తానని కూడా అన్నాడు, పొగ తాగితే ఎముక త్వరగా అతకదని. మానేశా, మా ఆవిడ అందుకే ఆయనకు దండం పెట్టింది.

నడుముకు మత్తు ఇచ్చారు కాబట్టి నొప్పి లేదు గానీ చప్పుళ్లన్నీ వినపడ్డాయి, రంపం, సుత్తి, అచ్చం వడ్రంగి కొట్టులో పడుకున్నట్టే. తొమ్మిది మిల్లీమీటర్లు తెరిచారని తర్వాత చెప్పారు.

ఇక ఆసుపత్రి సంగతి. ప్యాకేజీ అన్నారు, డిశ్చార్జి రోజు చూస్తే ప్లేటు, స్క్రూలు అందులో లేవట, 48 వేలు అదనం, అది కట్టేదాకా సాయంత్రం ఆరు వరకు వీల్‌చైర్‌లోనే కూర్చోబెట్టారు. ఇంతకన్నా పెద్ద తప్పు ఏంటంటే, ఫిజియో కుర్రాడు రెండో రోజే కాలు మీద బరువు వేసి నిలబడండి అన్నాడు, డిశ్చార్జి కాగితంలోనేమో ఆరు వారాలు వేళ్లు మాత్రమే ఆనించాలని ఉంది! ఏది నమ్మాలి? ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆఖరికి మా బావమరిది వెళ్లి ఓపీలో డాక్టర్ని పట్టుకుని అడిగితే, కాగితంలో ఉన్నదే కరెక్ట్ అన్నారు.

ఆ ఆరు వారాలు వాకర్, కమోడ్ కుర్చీ, చీకాకు. కొట్టు మా తమ్ముడు చూసుకున్నాడు. ఐదో నెల ఎక్స్‌రేలో ఆ సందు ఎముకతో నిండి కనిపించింది. ఏడో నెల నుంచి పరుపు మీద కూర్చుంటున్నా. పాత నొప్పి ముప్పాతిక వంతు పోయింది, మెట్లు దిగేటప్పుడు కొంచెం ఉంది. ప్లేటు చర్మం కిందే ఉంటుంది కాబట్టి పక్కకు తిరిగి పడుకుంటే ఒత్తుకుంటుంది, మధ్యలో దిండు పెట్టుకోవాలి. ఆ మాట ఆపరేషన్‌కు ముందు ఎవరూ చెప్పలేదు.

మోకాలంతా అరిగినవాళ్లకూ, కీళ్లవాతం ఉన్నవాళ్లకూ ఇది పనికిరాదు, అడిగి తెలుసుకోండి. నాకూ జీవితాంతం గ్యారంటీ ఏమీ ఇవ్వలేదు, చాలామందికి పదేళ్ల దాకా పనిచేస్తుంది, తర్వాత కావాలంటే అప్పుడు మోకాలు మార్చుకోవచ్చు అన్నారు. నా వయసుకు ఆ పదేళ్లే కావాలి.

డాక్టరుకు 5, ఆసుపత్రికి 2. వచ్చే నెల ప్లేటు తీయించుకోవాలి. డాక్టరు ఆయనే, కానీ ఈసారి లెక్కంతా కాగితం మీద రాసి సంతకం పెట్టాకే అడ్మిట్ అవుతా.