హైంకెల్ 177 బాంబర్: పనితీరుపై ఒక సమీక్ష

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ పెద్ద సంఖ్యలో తయారు చేసి రంగంలోకి దించిన దూరశ్రేణి భారీ బాంబర్ హైంకెల్ 177 ఒక్కటే. రెక్క అంచు నుంచి అంచుకు 31 మీటర్లకు పైగా ఉండే ఈ విమానంలో ఆరుగురు సిబ్బంది ప్రయాణించేవారు, మొత్తం వెయ్యికి పైగా విమానాలు తయారయ్యాయి. నా దృష్టిలో దీని ఆకృతి నిజంగా మంచిదే. దాన్ని చెడగొట్టింది ఇంజన్ల అమరిక, ఆ అమరికను సకాలంలో మార్చనివ్వని అధికారుల మొండితనం.

గాలి నిరోధం తగ్గించడానికి రూపకర్తలు రెండేసి ఇంజన్లను పక్కపక్కనే జతచేసి, ఒక్కో జతకు ఒకే ప్రొపెల్లర్ బిగించారు. అందుకే నాలుగు ఇంజన్లున్నా చూడడానికి ఇది రెండు ఇంజన్ల విమానంలా కనిపిస్తుంది. ఆలోచన తెలివైనదే అయినా, మూత తీసి చూస్తే దాని మూల్యం తెలుస్తుంది. రెండు ఇంజన్ల లోపలి వైపు ఎగ్జాస్ట్ గొట్టాలు మధ్యలోని ఇరుకు సందులో విపరీతంగా వేడెక్కేవి. కీళ్ల దగ్గర కారిన నూనె, ఇంధనం తొడుగు అడుగున చేరేవి. ఆ వేడికి అవి అంటుకుంటే మంట రెక్కలోకి పాకకుండా ఆపే అడ్డుగోడ కూడా ఉండేది కాదు. మరమ్మతు చేసేవారికి చెయ్యి పెట్టడానికైనా చోటు లేనంతగా అన్నీ కుక్కి ఉండడం వల్ల చిన్న లీకు సైతం కంటపడేది కాదు. 1939 నవంబర్‌లో జరిగిన తొలి ప్రయోగాత్మక ప్రయాణం ఇంజన్లు అతిగా వేడెక్కడంతో దాదాపు 12 నిమిషాలకే ముగిసింది.

ఆ హెచ్చరిక తర్వాతైనా నాలుగు ఇంజన్లను విడివిడిగా అమర్చి ఉండవచ్చు. అయితే ఇంత భారీ విమానం కూడా డైవ్ చేస్తూ, అంటే నిటారుగా కిందికి దూకుతూ బాంబులు వేయాలని వైమానిక మంత్రిత్వ శాఖ పట్టుబట్టింది. అందుకోసం చట్రాన్ని బలపరచడంతో బరువు పెరిగింది, ఇంజన్ల మార్పు వాయిదా పడింది. జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ 1942 సెప్టెంబర్‌లో గానీ ఆ షరతును ఎత్తివేయలేదు.

1943 జనవరిలో సోవియట్ నగరం స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సైన్యానికి సరుకులు చేరవేయడానికి, ఈ పనికి ఏమాత్రం పనికిరాని ఈ విమానాలనే పంపారు. దళ నాయకుడు మొదటి యాత్రలోనే మరణించాడు, తర్వాత శత్రువు తాకకుండానే ఇంజన్ మంటల్లో కొన్ని విమానాలు పోయాయి. ఏ పనికి కొన్న యంత్రాన్ని ఆ పనికే వాడాలన్న కనీస వివేకం ఇక్కడ లోపించింది.

సముద్రం మీద మాత్రం ఇది భయంకరంగా పనిచేసింది. 1943 నవంబర్ 26న అల్జీరియా తీరం దగ్గర, రేడియోతో నడిపించే హెన్షెల్ 293 బాంబును ప్రయోగించి ‘రోనా’ అనే రవాణా నౌకను ముంచింది. భారత్ వైపు వస్తున్న వెయ్యి మందికి పైగా అమెరికన్ సైనికులు ఆ దాడిలో చనిపోయారు. నౌక సిబ్బందిలో చాలామంది భారతీయులే, వారిలోనూ ఎందరో ప్రాణాలు కోల్పోయారు. యంత్రం సామర్థ్యాన్ని లెక్కగట్టేటప్పుడు ఈ మరణాలను పక్కన పెట్టడం నాకు సాధ్యం కాదు.

1944 ఆరంభంలో లండన్‌పై జర్మనీ ‘స్టైన్‌బాక్’ పేరుతో జరిపిన వైమానిక దాడుల్లో, ముందుగా బాగా ఎత్తుకు ఎగబాకి, లక్ష్యం వైపు వాలుగా అతివేగంతో దిగే పద్ధతిని అనుసరించారు. దాంతో రాత్రివేళ వేటాడే బ్రిటిష్ విమానాలకు దీన్ని అందుకోవడం కష్టమైంది. అయినా ఫిబ్రవరి 13 రాత్రి గోరింగ్ చూస్తుండగా బయలుదేరిన 14 విమానాల్లో ఎనిమిది, ఇంజన్లు వేడెక్కో మంటలంటుకునో వెనుదిరిగాయి. లండన్ చేరినవి నాలుగే.

విచిత్రమేమిటంటే, 1944 వేసవికి సవరణల వల్ల ఇంజన్లు చాలావరకు నమ్మదగినవిగా మారాయి. అప్పట్లో జర్మనీలో భాగమైన తూర్పు ప్రష్యాలోని స్థావరాల నుంచి దాదాపు 90 విమానాల దళం సోవియట్ రైలు కూడళ్లపై ఎత్తు నుంచి దాడులు చేసింది, నష్టాలు తక్కువగానే ఉన్నాయి. విమానం ఎట్టకేలకు తన అసలు పని చేయగలిగిన ఆ సమయానికి జర్మనీ దగ్గర ఇంధనం అడుగంటింది. దళాన్ని ఎగరనివ్వకుండా నేలకే పరిమితం చేశారు, కర్మాగారాలను ఫైటర్ విమానాల తయారీకి మళ్లించారు, మిగిలిన హైంకెల్ 177లలో చాలావాటిని తుక్కుగా విడగొట్టారు.